మొదటి ప్రశ్నకు జ్యూరీ "అవును" అంది: కీవ్ కేసు మీద మీ ఉత్తరాలు

గత సంచికలో బెయిలిస్ కేసు మీద రాసిన వ్యాసానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేననుకోలేదు. మెచ్చుకున్నవాళ్ళున్నారు, తిట్టినవాళ్ళున్నారు, ఒకాయనైతే నా తప్పు ఒకటి పట్టుకుని రెండు పేజీలు రాశారు (ఆయన చెప్పిందే రైటు, కింద ఒప్పుకున్నాను). ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగిన చోట ఒక్కరి ఉత్తరమే తీసుకున్నాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మా ఊరికి పోయిన నెల పత్రిక రానే లేదు సార్. మా చెల్లెలు ఫోన్లో చెప్పింది గానీ సగమే అర్థమైంది. అసలేంటీ కేసు? (ఒక పాఠకురాలు, బాపట్ల)

క్లుప్తంగా చెప్తానమ్మా. కీవ్ ఇప్పుడు ఉక్రెయిన్ రాజధాని, అప్పుడు రష్యా చక్రవర్తి కింద ఉండేది. 1911 మార్చి 12, శనివారం పొద్దున ఆండ్రేయ్ యుష్చిన్‌స్కీ అనే 13 ఏళ్ళ పిల్లాడు బడికని పుస్తకాలు పట్టుకుని ఇంట్లోంచి బయల్దేరాడు, బడికి మాత్రం చేరలేదు. ఎనిమిది రోజులకి లుక్యానొవ్కా అనే శివారు పేటలో ఓ గుహలో శవం దొరికింది. ఒంటి మీద 47 పోట్లు. నోట్‌బుక్కులు గుహ గోడ సందులో దూర్చి ఉన్నాయి, ఆ పుస్తకాల మీద పేరు చూసే పిల్లాడెవరో తెలుసుకున్నారు.

పోలీసులు ముందు తల్లినీ మారుతండ్రినీ అనుమానించి లోపలేశారు. కన్నకొడుకుని పూడ్చిపెడుతుంటే ఆ తల్లి అక్కడ లేదు, స్టేషన్లో ఉంది. ఆ అంత్యక్రియల దగ్గరే ఎవరో కరపత్రాలు పంచారు. యూదులు తమ పస్కా పండక్కి క్రైస్తవ పిల్లల్ని చంపి ఆ రక్తం రొట్టెల పిండిలో కలుపుకుంటారనీ, ఈ పిల్లాణ్ణి చంపింది వాళ్ళేననీ వాటి సారాంశం. పంచింది బ్లాక్ హండ్రెడ్స్ అని పేరుపడ్డ జారిస్టు (అంటే చక్రవర్తి పక్షపు) మూకల తాలూకు వాళ్ళు. ఆ గుహకి దగ్గర్లో జైత్సెవ్ అనే యూదు కుటుంబం నడిపే, ఒక యూదు ఆసుపత్రికి చెందిన ఇటుకల బట్టీ ఉంది. అందులో గుమస్తా మెండెల్ బెయిలిస్, వయసు 37, భార్య, ఐదుగురు పిల్లలు. సైన్యంలో చేసొచ్చిన మనిషి. బండ్లకెత్తిన ఇటుకలు లెక్క చూసి రసీదు మీద సంతకం పెట్టడం ఆయన పని. జులై 21 రాత్రి ఆయన ఇంటి మీద పడి పట్టుకెళ్ళారు. విచారణ మొదలయ్యేదాకా రెండేళ్ళ పైచిలుకు జైల్లోనే. 1913 సెప్టెంబరు 25న మొదలైన విచారణ 34 రోజులు నడిచింది, అక్టోబరు 28న జ్యూరీ ఆయన నిర్దోషి అంది.

గత వ్యాసంలో చెప్పడం మర్చిపోయిన సంగతొకటి. పిల్లాడు మాయమైంది శనివారమని చెప్పాను కదా, యూదులకది విశ్రాంతి దినం, నిష్ఠగా ఉండేవాళ్ళు ఆ రోజు కలం కూడా ముట్టరు. బెయిలిస్ మాత్రం ఆ శనివారం బట్టీలోనే ఉన్నాడు, ఇటుకల రసీదుల మీద ఆ తేదీతో సంతకాలున్నాయి. పండగ నియమం కోసం పిల్లాణ్ణి చంపాడని ఏ మనిషి మీద కేసు పెట్టారో, ఆ మనిషి శనివారం నియమం కూడా పాటించకుండా ఇటుకలు లెక్కపెట్టుకుంటున్నాడు. ఆయన పెద్ద ఆచారపరుడు కాదని కోర్టులో అందరికీ తెలుసు.

ప్రశ్న: లా చదువుతున్నాను. జ్యూరీ నిర్దోషి అన్నాక అది పూర్తి గెలుపే కదా? మీరేమో "సగం గెలుపు" అని రాశారు. నేను చదివిన ఇంగ్లీషు పుస్తకంలో పల్లెటూరి రైతులు చక్రవర్తికి చెంపదెబ్బ కొట్టారని ముగించారు. (వరంగల్)

మీరు చదివిన లాంటివి నేనూ నాలుగైదు చదివాను. చివరి పేజీలో కోర్టు బయట జనం, కన్నీళ్ళు, రైతు జ్యూరీ న్యాయబుద్ధి, అంతటితో పుస్తకం మూసేస్తారు. చదవడానికి బాగుంటుంది కూడా. నా కడుపుమంట ఆ చివరి పేజీ మీదే.

ఎందుకంటే జ్యూరీకి వేసింది ఒక ప్రశ్న కాదు, రెండు. రెండోది: బెయిలిస్ మతోన్మాదంతో, దొరకని మరికొందరితో కలిసి ఈ హత్య చేశాడా? దానికి కాదన్నారు. మొదటిది మాత్రం చాలా తెలివిగా రాసిన ప్రశ్న. 1911 మార్చి 12న లుక్యానొవ్కాలో, యూదు సర్జికల్ ఆసుపత్రికి చెందిన ఇటుకల బట్టీ ఆవరణలో, అక్కడున్న ఒక గదిలో, పిల్లాడి నోరు నొక్కి పోట్లు పొడిచి, ఐదు గ్లాసుల రక్తం పోయాక మళ్ళీ పొడిచి, మొత్తం 47 పోట్లతో, ఒంట్లో రక్తం దాదాపు అంతా పోయి చనిపోయేలా చేశారని రుజువైందా? దీనికి జ్యూరీ "అవును, రుజువైంది" అంది.

ఒకసారి ఆ ప్రశ్న మళ్ళీ చదవండి. అందులో మతం మాటే లేదు. కానీ బట్టీ ఉంది, ఆసుపత్రి యూదులదని ఉంది, గ్లాసుల లెక్కన రక్తం ఉంది. పిల్లాడు చనిపోయింది నిజం, పోట్లు నిజం, రక్తం పోవడం నిజం. ఈ మూడు నిజాలకీ బట్టీ గదిని సూదీ దారంతో కుట్టేశారు. పిల్లాడు ఘోరంగా చనిపోయాడా అనడిగితే కాదని ఎవరంటారు? మర్నాడు జారిస్టు పత్రికలు సరిగ్గా ఇదే పట్టుకున్నాయి. బెయిలిస్ తప్పించుకుంటే తప్పించుకున్నాడు గానీ బట్టీలో హత్య జరిగిందని కోర్టే తేల్చింది కదా, ఇక మేం చెప్పిందే నిజం అని రాసుకున్నాయి. ప్రాసిక్యూషన్‌కి కావలసింది ఈ గుమస్తా తల కాదు, ఆ "అవును". మనిషిని వదిలేసి కథని గెలిపించుకున్నారు. పాపులర్ చరిత్ర రాసేవాళ్ళు దీన్ని ఫుట్‌నోట్‌లో పడేస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

జ్యూరీ సంగతీ చెప్పాలి. కీవ్ విశ్వవిద్యాలయం ఉన్న నగరం, అయినా ఈ కేసు జ్యూరీలో చదువుకున్నవాళ్ళు దాదాపు లేరు, ఎక్కువమంది రైతులు, మిగతావాళ్ళు చిన్నచిన్న ఉద్యోగులూ పట్నపు బడుగులూ. ఇదెలా జరిగిందని కొరొలెంకో అనే పెద్ద రచయిత ఒంట్లో బాగోకపోయినా కోర్టుకొచ్చి కూర్చుని, పత్రికల్లో గట్టిగా అడిగాడు. అమాయకులైతే చెప్పినట్టు వింటారని ప్రభుత్వం లెక్కేసుకుంది. రెండో ప్రశ్న దగ్గర ఆ లెక్క తప్పింది. ఆ మేరకు ఆ పన్నెండుమందికీ దణ్ణం పెట్టాల్సిందే.

ప్రశ్న: అసలు ఆ రొట్టె ఏంటండీ? వంటింట్లో చెయ్యి పెట్టేవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పండి. (గృహిణి, తెనాలి)

దాన్ని మాట్జా అంటారు. గోధుమపిండి, నీళ్ళు, అంతే. పులియకూడదు, పొంగకూడదు. పిండిలో నీళ్ళు పడ్డ క్షణం నుంచి పొయ్యిలోంచి తీసేదాకా 18 నిమిషాలు దాటకూడదని నియమం, దాటితే పులిసినట్టే లెక్క. అందుకని గబగబా కలిపి, పల్చగా ఒత్తి, పుల్లతో చిల్లులు పొడిచి కాలుస్తారు. పెళుసుగా, మన అప్పడానికి పెద్దన్నలా ఉంటుంది.

ఇక రక్తం సంగతి. యూదుల వంటింట్లో రక్తానికి ఉన్నంత పట్టింపు ఇంకెక్కడా చూడం. మాంసం తెచ్చాక అరగంట నీళ్ళలో నానబెట్టి, ఉప్పు పట్టించి గంటసేపు ఏటవాలు బల్ల మీద పెడతారు, ఉన్న రక్తమంతా కారిపోవాలి, తర్వాత మళ్ళీ కడుగుతారు. కోడిగుడ్డు పగలగొడితే సొనలో ఎర్రచుక్క కనబడిందా, ఆ గుడ్డు చెత్తబుట్టలోకి. రక్తం తినొద్దని తెలుగు బైబిల్లో కూడా లేవీయకాండము 17వ అధ్యాయంలో స్పష్టంగా ఉంటుంది, మీ పక్కింట్లో ఎవరైనా క్రైస్తవులుంటే అడిగి చూడండి. గుడ్డులో చుక్క చూసి పారేసేవాళ్ళ మీద ఈ నింద వేశారు.

ప్రశ్న: నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఎనిమిదొందల ఏళ్ళుగా ఇన్ని దేశాల్లో ఇదే ఆరోపణ వచ్చిందంటే, అందరూ కాకపోయినా ఎక్కడో ఎవరో చేసే ఉంటారు కదా? మీరు ఒకవైపే రాస్తున్నారు. (రాజమండ్రి)

మీరు సూటిగా అడిగారు, నేనూ సూటిగానే చెప్తాను. నిప్పు ఉందేమోనని వెతికారు, ఎప్పుడో వెతికారు. 1235లో జర్మనీలోని ఫుల్డాలో ఒక ఇంట్లో మంటల్లో పిల్లలు చనిపోతే యూదులే చంపారని 34 మందిని చంపేశారు. చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ ముందు తన దగ్గరున్న పెద్దల్ని అడిగాడు, వాళ్ళు తలోమాటా చెప్పారు. అప్పుడాయన ఒక మంచి ఉపాయం చేశాడు. యూదు మతం వదిలి క్రైస్తవులైనవాళ్ళని దేశదేశాల నుంచి పిలిపించి అడిగాడు. పాత మతంలో రహస్యాలుంటే వాళ్ళకి తెలుస్తాయి, దాచిపెట్టాల్సిన పనీ లేదు. వాళ్ళు ఇదంతా అబద్ధమని తేల్చారు, 1236లో చక్రవర్తి అదే ప్రకటించాడు. 1247లో పోప్ నాలుగో ఇన్నొసెంట్ కూడా ఈ నింద తప్పని లేఖలు రాశాడు. అంటే కీవ్ కేసుకి 650 ఏళ్ళకి పైగా ముందే చక్రవర్తి, పోపు ఇద్దరూ చూసి కొట్టిపారేసిన కథ ఇది.

మరి పొగ ఎక్కణ్ణించి వచ్చింది? 1144లో ఇంగ్లండులోని నార్విచ్‌లో విలియం అనే తోళ్ళ పని నేర్చుకునే కుర్రాడు అడవిలో చచ్చిపడి ఉన్నాడు. అప్పుడు ఎవరికీ శిక్ష పడలేదు. కొన్నేళ్ళ తర్వాత థామస్ అనే సన్యాసి ఆ ఊరి మఠంలో చేరి, ఆ కుర్రాడు యూదుల చేతిలో హతమైన పుణ్యాత్ముడని, సమాధి దగ్గర మహిమలు జరుగుతున్నాయని ఏకంగా ఒక గ్రంథం రాశాడు. సమాధి ఉంటే యాత్రికులొస్తారు, యాత్రికులొస్తే కానుకలొస్తాయి, ఆ లెక్క మన దగ్గర ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. 1475లో ఇటలీలోని ట్రెంట్‌లో సైమన్ అనే పసివాడి పేరు మీద ఇలాగే జరిగింది. యూదుల్ని చిత్రహింసలు పెట్టి ఒప్పించి చంపారు, పిల్లాడికి గుడి కట్టారు. చర్చి ఆ పూజల్ని తీసేసింది 1965లో. ఆ మధ్య 490 ఏళ్ళు జనం అక్కడ కొవ్వొత్తులు వెలిగించారు. 1840లో డమాస్కస్, 1882లో హంగరీలోని తిస్సా ఎస్లార్, 1899లో బొహీమియాలోని పోల్నా, చెప్పుకుంటూ పోతే ఈ పేజీ చాలదు. చిత్రహింసలు పెట్టిన చోట ఒప్పుకోళ్ళు దొరికాయి. తిస్సా ఎస్లార్‌లో కేసు బహిరంగంగా కోర్టులో నడిచింది, 1883లో అందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు.

ఒకవైపే రాస్తున్నానన్నారు. అవునండి, దీనికి రెండో వైపు లేదు.

ప్రశ్న: మరి పిల్లాణ్ణి చంపిందెవరు? వాళ్ళకి శిక్ష పడిందా? (విజయనగరం)

శిక్ష పడలేదు. ఎవరన్నది కోర్టులో రుజువు కాలేదు కాబట్టి చరిత్రకారులు నమ్మేదేంటో చెప్తాను, వాళ్ళలో దీని మీద పెద్ద తగాదా ఏమీ లేదు.

బట్టీ పక్క వీధిలో వేరా చెబెర్యాక్ అనే ఆవిడ ఉండేది. మొగుడు తపాలా శాఖలో చిన్న గుమస్తా. ఇల్లు మాత్రం దొంగల అడ్డా, ఎత్తుకొచ్చిన సరుకంతా ఆవిడ చేతి మీదుగా మారేది. ఆవిడ ఎంతటిదంటే, తన ప్రియుడు ఒక ఫ్రెంచివాడు ఉంటే కోపమొచ్చి అతని మొహాన యాసిడ్ పోసి గుడ్డివాణ్ణి చేసింది. ఆవిడ కొడుకు జెన్యా, చనిపోయిన ఆండ్రేయ్ స్నేహితులు. పిల్లలిద్దరూ దేనికో గొడవపడి, మీ ఇంట్లో దొంగసొత్తు ఉందని చెప్పేస్తానని ఆండ్రేయ్ అన్నాడట, ఆ మాట తల్లి చెవిన పడింది. ఆవిడ ముఠాలో ముగ్గురు, అందులో ఒకడు ఆవిడ తమ్ముడి వరస, పిల్లాణ్ణి ఆ ఇంట్లోనే చంపారన్నది బయటపడ్డ కథ. పిల్లాడి జేబులో ఒక దిండు గలీబు ముక్క దొరికింది, ఆ డిజైను గలీబులు చెబెర్యాక్ ఇంట్లోవేనని ఆవిడ ఇంటికి వచ్చిపోయే అమ్మాయి చెప్పింది.

జెన్యా సంగతి చదివితే మనసు పాడవుతుంది. 1911 ఆగస్టులో ఆ పిల్లాడు రక్తవిరేచనాలతో మంచాన పడ్డాడు. పోలీసు డిటెక్టివులు మంచం పక్కన కూర్చుని ఆండ్రేయ్ గురించి ఏమైనా చెప్తాడేమోనని చూస్తున్నారు. వాడు నోరు తెరవబోయినప్పుడల్లా తల్లి వాడి మీద పడి ముద్దులు పెడుతూ, ఈ గొడవలో అమ్మకేం సంబంధం లేదని చెప్పరా నాన్నా అని బతిమాలిందట. వాడు ఏమీ చెప్పకుండానే పోయాడు. తర్వాత ఆవిడ కూతురు కూడా అదే జబ్బుతో పోయింది.

ఇదంతా పోలీసులకి తెలియదా అంటే, తెలుసు. మొదట దర్యాప్తు చేసిన మిష్చుక్ ఇది దొంగల పనే అన్నాడు, పీకేశారు. తర్వాత వచ్చిన క్రసోవ్‌స్కీ ఆ రోజుల్లో పేరున్న డిటెక్టివ్, అతనూ అక్కడికే చేరాడు, అతన్నీ పీకేశారు. కీవ్ ప్రాసిక్యూటర్ చాప్లిన్‌స్కీకీ అప్పటి రాజధాని పీటర్స్‌బర్గ్‌లో న్యాయమంత్రి షెగ్లోవితోవ్‌కీ మాత్రం యూదుడే కావాలి. సాక్ష్యం కోసం వీధి దీపాలు వెలిగించే ఒక తాగుబోతు జంట దొరికింది. మందు పోయిస్తే ఒకమాట, కోర్టులో నిలబెడితే ఇంకోమాట. దాని మీద రెండేళ్ళు మనిషిని జైల్లో పెట్టారు. తెలియక చేసిన తప్పయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. తెలిసే చేశారు.

తర్వాత కథంటారా, విప్లవం వచ్చాక 1918లో షెగ్లోవితోవ్‌నీ 1919లో చెబెర్యాక్‌నీ బోల్షివిక్కులు కాల్చేశారు. దాన్ని ఈ కేసుకి పడ్డ శిక్ష అనుకోకండి, వాళ్ళు ఆ రోజుల్లో చాలామందిని కాల్చారు.

ప్రశ్న: మీ వ్యాసంలో తాష్కెంట్ నుంచి వచ్చిన ఫాదర్ ప్రనైతిస్‌ని రష్యన్ ఆర్థొడాక్స్ పూజారి అని రాశారు. ఆయన క్యాథలిక్. ఇంత చిన్న విషయం కూడా సరిచూసుకోకుండా చరిత్ర రాయడం ఎందుకు? (రిటైర్డ్ టీచర్, కర్నూలు)

మాస్టారూ, తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. పైగా చిన్న విషయం కూడా కాదు. క్యాథలిక్‌లకి వేరైన ఆర్థొడాక్స్ క్రైస్తవ శాఖ నడిచే దేశంలో, యూదుల పవిత్ర గ్రంథాల మీద చెప్పడానికి పేరున్న ఆర్థొడాక్స్ పండితుడు ప్రాసిక్యూషన్ వైపు దొరక్కపోతేనే అంత దూరాన్నుంచి ఒక క్యాథలిక్ ఫాదర్‌ని పిలిపించాల్సి వచ్చింది. నా తప్పు వల్ల ఆ ముక్కే పాఠకులకి అందకుండా పోయింది.

ఆయన బండారం ఎలా బయటపడిందో పాపులర్ పుస్తకాలన్నీ చెప్తాయి, ఇది నాకూ ఇష్టమైన కథే. యూదుల ధర్మశాస్త్ర గ్రంథం తాల్ముడ్ గురించి అన్నీ తెలుసన్నట్టు మాట్లాడుతున్న ఆయన్ని డిఫెన్స్ లాయర్లు చిన్నచిన్న ప్రశ్నలు వేశారు. ఈ మాటకి అర్థమేంటి? తెలియదు. పోనీ ఇదో? తెలియదు. ఆఖరికి, బాబా బత్రా ఏ కాలంలో జీవించింది, ఏం చేసేది అనడిగితే, దానికీ తెలియదనే అన్నాడట. హాల్లో ఉన్న యూదులు నవ్వు ఆపుకోలేకపోయారు.

ఎందుకు నవ్వారో మనకి వెంటనే తట్టదు. బాబా అనగానే మనకి గడ్డం, కాషాయం కళ్ళముందుకొస్తాయి. రష్యన్‌లో బాబా అంటే ఆడమనిషి, ముసలమ్మ, లాయరు వల పన్నింది అక్కడ. తాల్ముడ్ రాసిన అరమాయిక్ భాషలో మాత్రం దానికి వాకిలి అని అర్థం. బాబా బత్రా అంటే చివరి వాకిలి, అది మనిషి కాదు, తాల్ముడ్‌లో ఒక భాగం పేరు. అందులో ఏముంటుందంటే, ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న వాకిట్లో అడ్డుగోడ ఎలా కట్టుకోవాలి, ఎవరు ఎంత జాగా వదలాలి, ఇలాంటి ఆస్తుల సంగతులు. మన భాషలో చెప్పాలంటే గట్టు తగాదాల పుస్తకం. దాని పేరు కూడా తెలియని పండితుడు, అందులో రక్తం రహస్యాలున్నాయని చెప్పడానికి తాష్కెంట్ నుంచి వచ్చాడు.

డాక్టర్ల వాటా కూడా ఉంది. కొసొరోతొవ్ అనే వైద్య నిపుణుడు ప్రాసిక్యూషన్‌కి అనుకూలంగా చెప్పడానికి పోలీసు రహస్య నిధి నుంచి 4,000 రూబుళ్ళు ముట్టాయి. చక్రవర్తి పడిపోయాక 1917లో విచారణ సంఘం వేస్తే ఈ లెక్కలన్నీ బయటికొచ్చాయి. ఇంకో మానసిక వైద్యుడు సికోర్‌స్కీ కూడా ఈ హత్య జాతి పగ అని సాక్ష్యం చెప్పాడు. హెలికాప్టర్లకి పేరుపడ్డ ఇగోర్ సికోర్‌స్కీకి ఈయన తండ్రి.

ప్రశ్న: యూదులంటే గిట్టని పత్రికే బెయిలిస్ వైపు రాసిందని చదివాను. ఇది నిజమా, రచయితల మసాలానా? (ఖమ్మం)

పూర్తిగా నిజం, ఈ కేసులో నాకు అన్నిటికంటే నచ్చిన అధ్యాయం. కీవ్‌ల్యానిన్ అనే పత్రిక, ఎడిటర్ వాసిలీ షుల్గిన్. మనిషి చక్రవర్తి భక్తుడు, యూదులంటే పడనివాడు, ఆ మాట దాచుకోలేదు కూడా. విచారణ మొదలైన రెండు రోజులకే ఆయన సంపాదకీయం రాశాడు. ఈ నేరారోపణ పత్రం చూస్తే కీవ్ ప్రాసిక్యూటర్ ఆఫీసు పరువు పోయిందని, పోలీసుల నోరు నొక్కి కేసు కట్టారని, దీన్ని సమర్థించడం తనవల్ల కాదని దాని సారం. ఆ పత్రిక చరిత్రలో మొదటిసారి సంచికని జప్తు చేశారు, ఆయనకి మూడు నెలల జైలు వేశారు.

దీని వల్ల షుల్గిన్ మంచివాడైపోయాడని నేను అనను, ఆయన తర్వాత రాసిన రాతలు చూస్తే మీరూ అనరు. కానీ అబద్ధపు కేసుని అబద్ధపు కేసు అన్నాడు. నాకు యూదులంటే పడదు, అయినా ఇది తప్పు అన్న వాక్యం రాయడానికి ఎంత దమ్ముండాలో, ఏదో ఒక గుంపులో ఉన్నవాళ్ళకి బాగా తెలుస్తుంది.

ప్రశ్న: 2018లో మా వైపు పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠాలొచ్చాయని వాట్సాప్‌లో తిరిగి ఎంత టెన్షన్ పడ్డామో. మీ వ్యాసం చదువుతుంటే అదే గుర్తొచ్చింది. రెండూ ఒకటేనంటారా? (నిజామాబాద్)

ఒకటే అనను, చుట్టరికం ఉంది. ఆ మే నెలలో మన రెండు రాష్ట్రాల్లోనూ ఊరికి కొత్తగా కనబడ్డవాళ్ళని, అడుక్కునేవాళ్ళని పట్టుకుని కొట్టారు, ప్రాణాలు కూడా పోయాయి. మా చిన్నప్పుడైతే వాట్సాప్ లేదు గానీ, కొత్త బ్రిడ్జి కడుతున్నారంటే చాలు, స్తంభం నిలబడాలంటే పిల్లాణ్ణి బలివ్వాలట అని మా నాయనమ్మ సాయంత్రం ఆరయ్యేసరికి మమ్మల్ని లోపలికి లాగేసేది. పిల్లలకేమవుతుందోనన్న భయం, కొత్తవాళ్ళంటే అనుమానం, ఈ రెండూ ఎక్కడైనా ఉంటాయి.

తేడా ఏంటంటే, 2018లో ఇవి వదంతులు నమ్మకండి అని పోలీసులు ఊరూరా మైకులు పట్టుకుని తిరిగారు. కీవ్‌లో వదంతిని నమ్మని పోలీసులకి ఉద్యోగాలు పోయాయి. కరపత్రం మంత్రి బల్ల మీదికెక్కి, అక్కణ్ణించి ఛార్జిషీటై కోర్టుకొచ్చింది.

ప్రశ్న: ఒక పుస్తకంలో హత్య మార్చి 12 అని, ఇంకోదాంట్లో మార్చి 25 అని ఉంది. ఏది కరెక్ట్? (డల్లాస్)

రెండూ. రష్యాలో అప్పటికి పాత జూలియన్ క్యాలెండర్ నడిచేది, యూరప్‌లో చాలా దేశాల కంటే 13 రోజులు వెనక. 1918లో మార్చుకున్నారు. నేను పాత తేదీలే వాడాను. మన ఇళ్ళలో పుట్టినరోజు తిథి ప్రకారం ఒకటి, తేదీ ప్రకారం ఒకటి ఉన్నట్టే అనుకోండి. అయితే ఒకే పుస్తకంలో రెండూ కలిపేసినవాళ్ళున్నారు, అలాంటి పుస్తకాన్ని పక్కన పెట్టేయొచ్చు.

ప్రశ్న: బెయిలిస్ కథే అంటూ ఒక అమెరికన్ నవల చదివాను. అందులో హీరోకి పిల్లల్లేరు, భార్య వదిలేసి పోతుంది, చివరికి విచారణ మొదలవకుండానే కథ ఆగిపోతుంది. అసలాయన ఏమయ్యారు? (న్యూజెర్సీ)

1966 నాటి ఆ నవల గొప్పదే, కానీ నవల నవలే. దాన్ని చదివి బెయిలిస్ చరిత్ర తెలిసిందనుకునేవాళ్ళు చాలామంది తగిలారు. అసలు బెయిలిస్‌ని భార్య ఎస్తేర్ వదిలిపోలేదు, ఐదుగురు పిల్లలతో ఎదురుచూసింది. ఇరుగుపొరుగు క్రైస్తవులతో ఆయనకి మంచి సంబంధాలుండేవి. అంతకు ముందు ఊళ్ళో చర్చి బడి కడుతుంటే ఇటుకలు చౌకగా ఇప్పించాడని, 1905లో యూదుల మీద మూకలు పడ్డప్పుడు అక్కడి పూజారే ఆయన ఇంటిని కాపాడాడు. నవలకి ఒంటరివాడు కావాలి కాబట్టి ఇవన్నీ ఎగిరిపోయాయి.

విడుదలయ్యాక కీవ్‌లో ఉండటం కుదరక కుటుంబంతో పాలస్తీనా వెళ్ళాడు, అక్కడ బతుకు గడవక 1920ల మొదట్లో అమెరికా. స్టేజీ ఎక్కి తన కథ చెప్తే బోలెడు డబ్బిస్తామన్నవాళ్ళున్నారు, ఒప్పుకోలేదు. తన కష్టాల గురించి తనే ఒక పుస్తకం రాసుకుని, 1934లో న్యూయార్క్ రాష్ట్రంలో పోయాడు.

అన్నట్టు, ఈ కేసు మీద డబ్బిచ్చి రాయించిన పుస్తకం ఒకటుంది, ఇచ్చింది ప్రభుత్వం. ప్రాసిక్యూషన్ వైపు వాదించిన జమిస్లోవ్‌స్కీకి హత్య గురించి పుస్తకం రాయడానికని 25,000 రూబుళ్ళు ముట్టాయి, విచారణ అయిపోయి బెయిలిస్ విడుదలయ్యాక. అది 1917లో అచ్చయింది. ఆ పుస్తకానికి ఆధారం ఏమిటంటారా? మొదటి ప్రశ్నకి జ్యూరీ ఇచ్చిన ఆ "అవును".

ప్రశ్న: ఆ పిల్లాడి సమాధి ఇంకా ఉందా? (ఒంగోలు)

ఇన్ని ఉత్తరాల్లో పిల్లాడి గురించి అడిగింది మీరొక్కరే. ఉంది, కీవ్‌లో లుక్యానొవ్కా శ్మశానంలోనే. బడికెళ్ళే దారిలో స్నేహితుడితో ఆడుకుందామని ఆగిన పిల్లాడు వాడు. సోవియట్ యూనియన్ పోయాక కూడా యూదుల్ని ద్వేషించేవాళ్ళు ఆ సమాధి దగ్గరికి పూలు పట్టుకుని, యాత్రకొచ్చినట్టు వస్తూనే ఉన్నారు.